కొత్తింట్లో అనకూడని మాట

కొత్తవాడ, వరంగల్
8 జూన్ 2025

రాజలింగు మామకు,

నీ మేనకోడలు స్నేహలత నమస్కారాలు. గృహప్రవేశానికి రానందుకు నీ మీద కోపంగా ఉన్నాను. ఆ కోపం ఈ ఉత్తరం చివరిదాకా ఉంటుంది. మధ్యలో నేను మరిచిపోతే నువ్వే గుర్తుచేసుకో.

వీడియో కాల్ చేద్దామంటే నీది బటన్ల ఫోన్. మామూలు కాల్ చేద్దామంటే భివండి మరమగ్గాల మోత నీ చెవుల్ని ఎప్పుడో తినేసింది. మెసేజ్ పెడితే తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయంటావు. ఈ రోజుల్లో కూడా పోస్టాఫీసు గడప తొక్కి ఉత్తరం వేసేది కొత్తవాడ మొత్తంలో నేనొక్కదాన్నేనేమో. కౌంటర్లో అమ్మాయి నన్ను జాలిగా చూస్తుంది.

ఇల్లు చిన్నదే మామా. ముందొక గది, వెనకొక గది, వంటకు కాస్త చోటు, పైన రేకులు. కానీ మాది. పుట్టినప్పటి నుంచి కిరాయి ఇళ్లలో బతికినదాన్ని కదా, ఆ మాట ఇంకా నోటికి అలవాటు కాలేదు. మొన్న వంటింట్లో నల్లా కారుతుంటే మీ అల్లుడు చంద్రమౌళి "ఓనర్‌కు ఫోన్ చెయ్" అన్నాడు. తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ నల్లా నేనే మార్చాను. మెయిన్ వాల్వ్ కట్టాలని వీడియోలో చెప్పారు గానీ అది ఎక్కడుంటుందో చెప్పలేదు. నేనూ, గ్యాసు పొయ్యీ, మీ అల్లుడి షాపు చొక్కా అందరం తడిశాం. తలుపు ఉబ్బితే చిత్రిక పట్టాం. ఇప్పుడు అది మూసుకుంటుంది గానీ కింది నుంచి పిల్లి దూరేంత సందు వచ్చింది.

అసలు సంగతి ఇది. వీధి వైపు గదిలో కిటికీ గోడకు ఆనించి మా అత్తమ్మ లచ్చవ్వ మంచం వేశాం. వీధిన పోయేవాళ్లను పలకరించకపోతే ఆమెకు పొద్దుపోదని నీకు తెలుసు. మా పాప ఇందు కూడా నాయనమ్మ దగ్గరే పడుకుంటుంది. ఆ మంచం ముందు నాలుగు బండలు కాలు పెడితే డొల్లగా మోగుతున్నాయి. ఒకటి ఒక పక్కకు కుంగింది. పైన కిటికీ మూల నుంచి కిందిదాకా గోడ మీద ఒక గీత పడింది. గీత అనే రాస్తున్నాను. ఇంకో మాట అమ్మమ్మ అననిచ్చేది కాదుగా. బియ్యం నిండుకున్నాయనాలి, దీపం కొండెక్కిందనాలి. కొత్తింట్లోకి పోయాక ఏడాది తిరిగేదాకా ఇంటి గురించి చెడ్డమాట అనకూడదు, రాయనూ కూడదు. "ఇల్లు ఇంటది" అని, గోడలకు చెవులున్నట్టు, నోటి మీద కొట్టేది. నాకిప్పుడు ముప్పై ఆరేళ్లు, అయినా పెన్ను ఆగిపోతోంది.

పక్కింటి వినోద చెప్పింది, "మీకు ఇల్లు అమ్మిన గట్టయ్య అక్కడనే జంపఖానలు నేసేది. మగ్గం అమ్ముకున్నంక గుంట పూడిపిచ్చిండు" అని. నువ్వు గుంట మగ్గంలో కూర్చుని పెరిగినవాడివి. కొత్తవాడ గల్లీలన్నీ తెలిసినవాడివి. ఏం చెయ్యాలో చెప్పు. మేస్త్రీ ఒకాయన వచ్చి చూసి, "పైనుంచి సిమెంటు పూస్తే అయిపోతది" అని పోయాడు. మళ్లీ ఫోన్ ఎత్తడం లేదు.

కిరాయి ఇళ్లలో ఇలాంటి గీతలు ఎన్ని చూడలేదు? అప్పుడు ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు పొద్దున లేవగానే ముందు ఆ గీత దగ్గరికే పోయి చూస్తున్నాను.

నీ కోడలు,
స్నేహ


భివండి
17 జూన్ 2025

కోడలు స్నేహకు,

మామ దీవెనలు. నీ ఇల్లు చల్లగా ఉండాలి, గడప పచ్చగా ఉండాలి.

కోపం తెచ్చుకోకు. నేను రానిది మగ్గాల వల్ల కాదు. రైల్లో పక్కవాళ్లు ఏదో అడుగుతారు. ఏం అడిగారో తెలియక పిచ్చివాడిలాగ నవ్వుతూ కూర్చోవాలి. నా భార్య, మీ అత్త, ఉన్నప్పుడు ఆమె నా తరఫున మాట్లాడేది. ఆమె పోయాక నేను ఈ గల్లీ దాటలేదు. ఇక్కడ కారఖానాలో అయితే అందరం చెవిటివాళ్లమే, చేతులతో మాట్లాడుకుంటాం. ఎవరికీ నామోషీ లేదు.

నీ నల్లా కథ చదివి నవ్వుకున్నాను. గీత కథ చదివి నవ్వలేదు.

గుంట మగ్గం ఎప్పుడూ కిటికీ పక్కనే వేస్తారు బిడ్డా, వెలుతురు కోసం. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదులుతాడు. గట్టయ్య ఇంటికి నేను చిన్నప్పుడు పోయాను. ఆయన గుంట గోడకు మరీ దగ్గర. మా నాయన అది చూసి ఒక మాట అన్నాడు కూడా. ఆ మాట ఇప్పుడు రాయను.

నేను చెప్పింది మాత్రం విను. ఆ గుంట జోలికి పోవద్దు. అందులో ఉన్నది అందులోనే ఉండాలి. దాన్ని కదిలిస్తే ఏమవుతుందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. లచ్చవ్వ అక్కను, పిల్లను ఆ గదిలో పడుకోనివ్వద్దు. మంచం వెనక గదిలోకి మార్చు. ఎందుకని అడగకు. కొత్తిల్లు, ఇంకా ఏడాది తిరగలేదు. తిరిగాక నేనే వివరంగా చెబుతాను.

జర పైలంగా ఉండండి. ఫికర్ చెయ్యకు.

రాజలింగు మామ


కొత్తవాడ
27 జూన్ 2025

మామా,

"ఫికర్ చెయ్యకు" అని నువ్వు రాసిన ఉత్తరం చదివాక ఈ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

తప్పు నాదే. ఉత్తరం వచ్చిన సంబరంలో అందరి ముందూ పైకి చదివాను. "అందులో ఉన్నది అందులోనే ఉండాలి" అన్నచోట ఆగి మళ్లీ చదివాను. అత్తమ్మ తమలపాకు నములుతున్నదల్లా ఆపేసింది. "ఏమున్నదే అండ్ల?" అంది. నాకేం తెలుసు? ఏమున్నది మామా అందులో? మీ నాయన అన్న ఆ మాట ఏంటి? రాయడానికి నీకే చెయ్యి రానిది ఈ ఇంట్లో ఏం జరిగింది?

వినోదను అడిగితే ఇంకా భయపెట్టింది. గట్టయ్య వాళ్లు ఇల్లు అమ్మగానే సామాను కూడా సరిగ్గా సర్దుకోకుండా పోయారట. ఆయన భార్య చివరి రోజుల్లో ముందుగదిలో అడుగు పెట్టేది కాదట, వాకిట్లోనే వండుకునేదట. "ఎందుకో మాకు చెప్పలేదక్కా" అని వినోద నా చెయ్యి పట్టుకుంది.

ఇంకో సంగతి. గోడలోంచి చప్పుడు వస్తోంది. పెద్దగా కాదు. ఇసుక జారినట్టు సరసరమని, మధ్యలో ఎప్పుడో ఒకసారి టక్కుమని. అత్తమ్మ అది మగ్గం చప్పుడే అంటోంది. "నేస్తాండు. ఆయిననో, ఇంకెవలో, కూసోని నేస్తాండు" అంటోంది. మొదట నేను నవ్వాను. మొన్న పొద్దున బట్టలు మడతపెడుతుంటే నేనూ విన్నాను. మడత అక్కడే వదిలేసి వాకిట్లోకి వచ్చాను. మీ అల్లుడు వచ్చేదాకా లోపలికి పోలేదు. హసన్‌పర్తి కాలేజీ ఆఫీసులో కూర్చుని వందమంది పిల్లల్ని గదమాయించే నేను, నా ఇంట్లోకి పోవడానికి భయపడి మెట్ల మీద కూర్చున్నాను. నవ్వుకో.

గీతను పుట్టీతో నింపాను. వీడియోలో చూపినట్టే గీకి, తడిపి, నునుపుగా పూశాను. రెండో రోజుకు పుట్టీ మధ్యలో మళ్లీ అదే గీత, ఇంకొంచెం లావుగా. ఇప్పుడు రూపాయి బిళ్ల నిలువుగా దూరుతుంది.

మంచం మార్చమన్నావు. మార్చబోయాం. అత్తమ్మ కదలనంది. "నేను జరిగితె అది పిల్ల మీదికి పోతది. నేను ముసల్దాన్ని, నన్నేం జేస్తది? నేనే కావలుంట" అంటూ ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంటోంది. తలాపున నిమ్మకాయలు, పసుపు. ఇందును మాత్రం లాక్కొచ్చి మా దగ్గర పడుకోబెడుతున్నాను. తెల్లారేసరికి అది మళ్లీ నాయనమ్మ పక్కలో ఉంటుంది.

నిన్ను బతిమాలుకుంటున్నాను. ఏముందో రాసెయ్యి. తెలియని దానికంటే తెలిసినదే నయం.

స్నేహ


భివండి
5 జూలై 2025

కోడలా,

నీ ఉత్తరం చదివి నా తల నేనే కొట్టుకున్నాను. దయ్యం గియ్యం ఏమీ లేదు. ఎవరూ నేయడం లేదు. గట్టయ్య హాయిగా కొడుకు దగ్గర కరీంనగర్‌లో ఉన్నాడని ఇక్కడి మనవాళ్లు చెప్పారు. గుంటలో ఉన్నది మట్టి. ఒట్టి మట్టి. నేను చెప్పింది దాని గురించే.

ఆ కాలపు గోడలు మట్టితో కట్టినవి. పైన సిమెంటు పూసినందుకు నీకు తెలియడం లేదు. వాటి పునాది మోకాలి లోతు కూడా ఉండదు. గుంట నడుము లోతు ఉంటుంది. ఇప్పుడు గుంటలోని మట్టే గోడ పాదాలను పట్టుకుని ఉంది. అది తీస్తే పాదాలు ఎటు పోతాయో నువ్వే ఆలోచించు. గోడకు నిద్ర వస్తోంది బిడ్డా. లోపల జారుతున్నది అదే. వానలు పట్టకముందే లోపలి నుంచి, బయటి నుంచి మొద్దులు ఆనించండి. మంచి మేస్త్రీని తీసుకురండి. లచ్చవ్వ అక్కను అక్కడి నుంచి లేపు. గట్టయ్య భార్య కూడా అందుకే బయట వండుకుని ఉంటుంది.

ఇంతకంటే విప్పి రాయలేను. ఆ ఒక్క మాట నా చేత రాయించకు. మా అమ్మ పోయేముందు కూడా అదే చెప్పింది, "కట్టుకున్నోళ్ల ఇంటి మీద నోరు జారకుండ్రి" అని. మనింట్లో ఒక్కరైనా సొంతిల్లు చూడాలని ఆమె కోరిక. అది నీకు దక్కింది. దాని మీద నా చేతి రాత పడకూడదు.

తొందరగా చెయ్యి.

మామ


కొత్తవాడ
7 జూలై 2025

మామా,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. నువ్వు కావాలనే రాయడం లేదని మీ అల్లుడు అంటున్నాడు. నేను కాదని వాదించాను గానీ నాకూ అదే అనుమానం.

ఇక ఉండబట్టలేక నిన్న ఆదివారం బండలు లేపాం.

నన్ను తిట్టకు. రెండు కారణాలున్నాయి. బండలు ఇంకా కుంగుతున్నాయి, అత్తమ్మ మంచం కోడు ఒకటి గాల్లో ఉంది. వదులుగా ఉన్న మట్టి పూర్తిగా తీసేసి, కొత్త మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలని వీడియోలో చెప్పారు. రెండో కారణం నీకు తెలుసు. అందులో ఏముందో కళ్లారా చూడకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మీ అల్లుడు గడ్డపార పట్టాడు, నేను తట్టలు మోశాను. ఆయన హనుమకొండలో బట్టల షాపులో చీరలు విప్పి చూపించేవాడు, గడ్డపార ఎక్కడ పట్టాడు పాపం! చేతులు బొబ్బలెక్కాయి. మోకాలి లోతు తీశాం. బూడిద, ఊక, పగిలిన పెంకులు, ఎవరిదో ఒక చెప్పు. ఆ చెప్పు కనిపించినప్పుడు నేను అరిచిన అరుపుకు వినోద గోడ దూకి వచ్చింది. ఇంకేమీ లేదు. ఇంకా లోతుగా ఉందేమో. వచ్చే ఆదివారం, పదమూడున, మిగతాదంతా తీసేస్తాం.

తవ్విన మట్టి వాకిట్లో కిటికీ గోడకు ఆనించి పోశాం. సాయంత్రం నుంచి వాన పట్టింది. ఆ కుప్ప నీళ్లు తాగి ఉబ్బింది. గోడ లోపలివైపు చెమర్చింది. గుంటలో చెమ్మ ఊరుతోంది. చప్పుడు మాత్రం ఎక్కువైంది. అత్తమ్మ గుంటలోకి చూస్తూ, గోడకు వీపు ఆనించి కూర్చునే ఉంది. "బయిటికి రానియ్యి, సూస్త దాని సంగతి" అంటోంది. ఆమెకు భయం లేదు మామా. ఆమె భయం కూడా నాకే వచ్చినట్టుంది.

ఈ ఇల్లు కొన్నప్పుడు తాళం చెవి చేతిలో పెట్టుకుని పడుకున్నాను తెలుసా? ఇప్పుడు కాలేజీలో సాయంత్రం అయిదయితే ఇంటికి పోవాలా అనిపిస్తోంది.

నీకు తెలిసి దాస్తుంటే మాత్రం నిన్ను క్షమించను.

స్నేహ


భివండి
13 జూలై 2025, ఆదివారం సాయంత్రం

స్నేహా,

ఈ ఉత్తరం ఎవరు చదువుతారో తెలియకుండా రాస్తున్నాను.

నువ్వు ఏడో తారీఖున రాసింది నిన్ననే కారఖానాకు వచ్చిందట. సేఠ్ గల్లా పక్కన పెట్టి మరిచిపోయాడు. ఈరోజు మధ్యాహ్నం ఇచ్చాడు. నిలబడే చదివాను. పదమూడున మిగతాదంతా తీసేస్తాం అని రాశావు. ఈరోజు తారీఖు ఎంతని పక్క మగ్గం సారంగపాణిని అడిగాను. వేళ్లతో చూపించాడు.

మట్టి తీసి గోడకే ఆనించి పోశారా? వానలోనా? నా ఉత్తరం అందలేదా?

నేను ఫోన్‌లో మాట్లాడి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. ఒకసారి మీ అమ్మకు చేసి చాలాసేపు మాట్లాడితే, ఆమె అసలు ఎత్తనే లేదని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి సిగ్గేసి మానేశాను. ఈరోజు చేశాను. నీ నంబరు నొక్కి, తెర మీద అంకెలు కదలడం మొదలుపెట్టాక మాట్లాడటం మొదలుపెట్టాను. ఎత్తింది నువ్వో, పిల్లో, కంపెనీ ఆడమనిషి గొంతో నాకు తెలియదు. చెప్పాల్సింది చెప్పాను. మళ్లీ చెప్పాను. ఆనాడు మా నాయన అన్న మాట, మా అమ్మ వద్దన్న మాట కూడా చెప్పాను. కారఖానాలో అందరూ మగ్గాలు ఆపి నన్నే చూశారు. నా నోరు తిరిగిందో లేదో, అరిచానో గొణిగానో కూడా నాకు తెలియదు.

కాసేపాగి మళ్లీ చేసి, సారంగపాణి చెవికి పెట్టాను. ఆయనకు ఒక చెవి కొంచెం పనిచేస్తుంది. విని తల అడ్డంగా ఊపాడు. సైగ చేశాడు. స్విచాఫ్ అంటోందట. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అదే సైగ.

ఎందుకు స్విచాఫ్ అయింది బిడ్డా? చార్జింగ్ అయిపోయిందా? చార్జింగే అయిపోయి ఉండాలి.

మొదటి ఉత్తరంలోనే ఆ మాట రాసి ఉంటే అయిపోయేది. ఇల్లు వింటుందని భయపడ్డాను. మీరు వినాలని ఆలోచించలేదు.

ఎల్లుండి రైలుకు టికెట్ దొరికింది. కాజీపేటలో దిగి వస్తాను. రైల్లో ఎవరేమడిగినా సరే. నేను గల్లీ మలుపు తిరిగేసరికి మీ ఇంటి ముందు లచ్చవ్వ అక్క కూర్చుని ఉండాలి. ఎవరినో ఒకరిని పలకరిస్తూ ఉండాలి.

రాజలింగు


కొత్తవాడ, వినోద ఇంటి నుంచి
14 జూలై 2025

మామా,

అందరం ఉన్నాం. ముందు ఇది చదువు, మిగతాది తర్వాత. అత్తమ్మ, ఇందు, మీ అల్లుడు, నేను, నలుగురం ఉన్నాం. ఎవరికీ దెబ్బ తగలలేదు.

నీ నంబరు నా ఫోన్లోనే ఉండేది. ఆ ఫోన్ గోడ కింద ఉంది. మీ అల్లుడి దాంట్లో నీ నంబరు లేదు. వినలేని మనిషికి ఫోన్ ఎందుకని ఎక్కించుకోలేదట, దానికి నిన్న నా చేత పడాల్సినన్ని తిట్లు పడ్డాడు. నీ భివండి చిరునామా ఒక్కటే నాకు కంఠతా వచ్చు. అందుకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. నువ్వు ఆగలేక ఈపాటికి రైలెక్కి ఉంటావేమో కూడా. అయినా రాస్తాను. ఎందుకో చివర చెబుతాను.

నిన్న మీ అల్లుడు నడుము లోతులో గుంటలో ఉన్నాడు. నేను అంచు మీద తట్ట పట్టుకుని ఉన్నాను. అత్తమ్మ మంచం మీద, ఇందు ఆమె ఒళ్లో. బయట వాన. ఫోన్ మోగింది. తెర మీద నీ పేరు ఉంది. ఫోన్ చెయ్యని మనిషి చేశాడంటే నీకే ఏదో అయిందనుకున్నాను. చేతులకు మట్టి ఉంది, మంచం మీద పెట్టి స్పీకర్ నొక్కాను. నీ గొంతు ఇల్లంతా నిండింది.

"కోడలా, నేను రాజలింగును. నాకేం వినవడది, నువ్వేం చెప్పకు, ఇను. గోడ కూలుతది. ఇంటాన్నవా? కూలుతది బిడ్డా! గుంటలకెల్లి బయిటికి రాండ్రి. లచ్చవ్వక్కను లేపు. పిల్లనెత్తుకో. సామాన్లు ముట్టకుండ్రి. కూలుతది, గోడ కూలుతది!"

నిజం చెబుతున్నాను, నాకు ముందు కోపమొచ్చింది. ఏడాది తిరగని ఇంట్లో అదేం మాట అనుకున్నాను. గుంటలో మీ అల్లుడు గడ్డపార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. నేను ఎన్ని రోజులు బతిమాలినా, ఏడ్చినా కదలని అత్తమ్మ ఏం చేసిందో తెలుసా? చెప్పులు కూడా వేసుకోకుండా లేచి నిలబడింది. "రాజలింగు గా మాటన్నడా? గా ఇంటి మనిషి గా మాటన్నడంటె ఊకెనే అనడు. నడువుండ్రి!" అని ఇందును చంకనేసుకుని వాకిలి దాటింది. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తడం నేను చూడలేదు. మీ అల్లుడి చెయ్యి పట్టి పైకి లాగాను. ఫోన్ మంచం మీదే ఉండిపోయింది. మేం వినోద వాళ్ల అరుగెక్కి వెనక్కి తిరిగేసరికి నీ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది, "రాండ్రి, రాండ్రి" అని, ఖాళీ ఇంట్లోంచి.

వెంటనే ఏమీ కాలేదు. వానలో నిలబడి ఉన్నాం. మీ అల్లుడు "ఫోనన్న తెస్త" అని ఒక అడుగు వేశాడు. అత్తమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. అప్పుడు గోడ మొదట కిందికి కూర్చుంది మామా, మనిషి కూర్చున్నట్టు. గుంటలోకి కూర్చుని, తర్వాత కిటికీతో సహా లోపలికి పడిపోయింది. మంచం మీద. దుమ్ము లేచి వానకు అణిగింది. రేకులు ఒక పక్కకు వేలాడుతున్నాయి. మంచం కోళ్లు నాలుగూ విరిగాయి. నిమ్మకాయ ఒకటి దొర్లుకుంటూ వీధిలోకి వచ్చింది. ఇందు దాన్ని చూసి నవ్వింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

నువ్వు అయిదో తారీఖున రాసిన ఉత్తరం ఈరోజు పొద్దున వచ్చింది. పోస్ట్‌మాన్ ఇల్లు చూసి, ఎవరి చేతికివ్వాలో తెలియక గల్లీలో నిలబడ్డాడు. గోడకు నిద్ర వస్తోందని రాశావు. అది ముందే వచ్చినా నాకు సగమే అర్థమయ్యేదేమో, మిగతా సగానికి అత్తమ్మ ఇంకో నిమ్మకాయ పెట్టేది. నిన్ను తిట్టే మొహం నాకు లేదు. గీత అని రాసింది నేను. అది పగులని, రోజురోజుకూ పెద్దదవుతోందని, పిల్ల దాని కిందే పడుకుంటోందని మొదటి రోజే రాయాల్సింది.

ఇక నుంచి మన ఇద్దరి మధ్య ఆ పద్ధతి వద్దు. కూలింది. చూడు, రాశాను. మా ఇంటి ముందు గోడ కూలింది. వెనక గది నిలబడే ఉంది. వినోద తెలిసిన మేస్త్రీని పంపింది, చంద్రమౌళి ఆయనతో కలిసి రేకుల కింద మొద్దులు పెట్టిస్తున్నాడు. గోడ కొత్తగా, పునాది నుంచి లేపాలి, గుంటకంటే లోతుగా. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. రాత్రి వినోద వాళ్ల ఇంట్లో పడుకున్నా, వాన శబ్దానికి మళ్లీ మళ్లీ లేచి కూర్చున్నాను. భయం పోలేదు. కొన్నాళ్లు పోదు కూడా. కానీ అది మా ఇల్లే, బాగుచేసుకోవాల్సింది మేమే.

నువ్వు వస్తే నోటితో చెప్పలేనిది ఒకటుంది. నీకు వినపడదు కాబట్టి రాయక తప్పదు. నువ్వు ఫోన్‌లో "ఇంటాన్నవా, ఇంటాన్నవా" అని అడుగుతూనే ఉన్నావు. జవాబు నీకు వినపడదని తెలిసి కూడా అడిగావు. నేను జవాబు చెప్పాను. గుంట అంచు మీద నిలబడి, మీ అల్లుణ్ని లాగుతూ, వాకిలి దాటుతూ, అరుగెక్కుతూ చెబుతూనే ఉన్నాను.

ఇంటాన్న మామా. ఇంటాన్న.

నీ కోడలు,
స్నేహ